మా ఆయన ఎంచిన వాచీ

కుడి భుజం పట్టేసి, జడ వేసుకుందామన్నా చెయ్యి వెనక్కి పోని రోజుల్లో నేను జిమ్ముకు వెళ్ళడం మొదలుపెట్టాను. విజయవాడలో చూపించుకుంటే డాక్టరుగారు నొప్పి బిళ్ళలు రాసిచ్చి, బిళ్ళలతో అయ్యే పని కాదు, కండకి బలం రావాలి అన్నారు. అప్పటికే నేను బీపీ మందు వాడుతున్నాను. అందుకని, వ్యాయామం చెయ్యండి గానీ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూసుకుంటూ చెయ్యండి అని ఇంకో మాట కూడా చెప్పారు. తర్వాత జరిగినదంతా ఆ మాట వెంబడి వచ్చిందే.

నూజివీడులో ఆడవాళ్ళకి విడిగా సమయం కేటాయించిన జిమ్ము అప్పటికి మాకు తెలిసి ఒక్కటే. ఎరువుల కొట్టు మీద రెండో అంతస్తు. మెట్లెక్కుతున్నంతసేపూ పురుగుమందు వాసన వస్తుంది. పైకెళ్ళి తలుపు తీస్తే చెమట వాసన, రబ్బరు వాసన. మగవాళ్ళు పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయాక, వంటలు చేసి, ఇల్లు సర్దుకుని మేము వెళ్ళేవాళ్ళం. నాతో మా ఎదురింటి వదిన వచ్చేది. నిజానికి మాకు చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళ తోట, మా తోట ఆనుకుని ఉంటాయి. ఆవిడ భర్తా, మా ఆయనా చిన్నప్పటి నుంచీ స్నేహితులు. ఆయన్ని నేను అన్నయ్యగారూ అంటాను. ఆ వరసన ఆవిడ నాకు వదిన, నేను ఆవిడకి వదిన. నా స్కూటీ మీద వెనక కూర్చుని, దారంతా కబుర్లు చెబుతూ వచ్చేది.

అక్కడ నేర్పే అమ్మాయి విస్సన్నపేట నుంచి బస్సులో వచ్చేది. కాలేజీలో ఉండగా షాట్‌పుట్ విసిరిందట. ఆ భుజాలు చూస్తే తెలుస్తుంది. మమ్మల్ని రోజూ ఒకే పని చెయ్యనిచ్చేది కాదు. ఒకరోజు బరువులు. ఒకరోజు సైకిలు, పడవ తెడ్డు లాగినట్టు తాడు లాగే రోయింగ్ మిషను. ఒకరోజు పాటలు పెట్టి డాన్సు. ఇంకోరోజు చెంబులాంటి ఇనపగుండుకి పిడి ఉన్న కెటిల్‌బెల్ పట్టుకుని ఊపడం, వెంటనే గెంతడం, వెంటనే నేలమీద పడుకుని లేవడం. నాకు బరువుల రోజు ఇష్టం. ఇన్నేళ్ళూ ఇంట్లో బిందెలు ఎత్తాను, బియ్యం బస్తాలు జరిపాను, పండు దించే రోజుల్లో మామిడికాయల ట్రేలు ఎత్తాను. ఎప్పుడూ ఎవరూ నడుము ఇలా పెట్టు, ఊపిరి ఇప్పుడు వదులు అని చెప్పలేదు. ఆ అమ్మాయి చెప్పింది. నేలమీది ఇనప కడ్డీని రెండు చేతులతో పట్టి లేచి నిలబడితే, ఆ కాసేపూ నా ఒళ్ళు నాకు నచ్చేది. నలభై దాటాక అలాంటిది ఒకటి దొరుకుతుందని నేననుకోలేదు.

గుండె వేగం చూసుకోవాలని డాక్టరు చెప్పారంటే, మీరు ఏదో ఒకటి కొనుక్కోండి మేడమ్ అంది ఆ అమ్మాయి. ఏది కొనాలి అన్నది పెద్ద చర్చ అయింది. చేతికి పెట్టుకునే వాచీల అడుగున ఆకుపచ్చ దీపం ఒకటి వెలుగుతుంది. అది చర్మం కిందున్న రక్తం కదలికని చూసి లెక్క కడుతుంది. నడిచినా, సైకిలు తొక్కినా ఫరవాలేదు, సరిగ్గానే చెబుతుంది. కానీ కడ్డీని గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు బిగుసుకుంటుంది, ఒంగుతుంది. కెటిల్‌బెల్ అయితే ఏకంగా వాచీ మీదే వచ్చి పడుతుంది. అప్పుడు దాని లెక్క తప్పుతుంది. మీరు రకరకాలవి చేస్తున్నారు కాబట్టి ఛాతీకి కట్టుకునే బెల్టయితే మేలు అని చెప్పి, ఒకరోజు తన బెల్టు కడిగి ఇచ్చింది.

ఆరోజు వదిన చేతికున్న చవక బ్యాండు కూడా అడిగి పెట్టుకున్నాను. రోయింగ్ చేసినంతసేపూ రెండూ ఇంచుమించు ఒకటే మాట చెప్పాయి. కడ్డీ ఎత్తినప్పుడు మాత్రం బ్యాండు ప్రకారం నేను సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాను. బెల్టు ప్రకారం నా గుండె మెట్లెక్కి పరిగెడుతోంది. వదిన నవ్వింది. నేను అప్పుడే తేల్చుకున్నాను. ఛాతీకి బెల్టు, అది చెప్పేది చూసుకోవడానికి చేతికో మామూలు బ్యాండు. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

ఆ సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. అప్పుడు మామిడి తోటల్లో పూత మొదలైంది. ఆయన బుర్రలో పూతని పీల్చేసే తేనెమంచు పురుగు తప్ప ఇంకోటి ఉండే కాలం కాదు. అలాంటిది చెయ్యి కడుక్కోకుండా కూర్చుని అంతా విన్నారు. ఏ రకాలున్నాయి, ఏది ఏం చెబుతుంది అని అడిగారు. చివరికి, "ఛాతీకి బెల్టేంటి, గుర్రానికి కట్టినట్టు. నీకు మంచిది నేను తెస్తాలే" అన్నారు.

తెచ్చారు. తోటకి కొట్టే మందుల కోసం విజయవాడ వెళ్ళినప్పుడు పెద్ద షాపులో కొనుక్కొచ్చారు. నల్లటి పెద్ద వాచీ, దానికి సొంతంగా సిమ్ము కూడా ఉంటుంది. సాయంత్రమంతా కళ్ళజోడు పెట్టుకుని, విశాఖలో చదువుకుంటున్న మా అమ్మాయికి వీడియో కాల్ చేసి, అది చెబుతుంటే ఒక్కొక్కటీ నొక్కుతూ కూర్చున్నారు. నేను కాఫీ ఇస్తూ చూశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా వస్తువు ఒకదాని మీద ఆయన అంతసేపు కూర్చోవడం అదే మొదలు. బెల్టు అన్నాను కదా అని గుర్తుచేయబోయి ఊరుకున్నాను. మురిసిపోయానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, మురిసిపోయాను.

జిమ్ములో ఆ వాచీ ఆ అమ్మాయి చెప్పినట్టే చేసింది. డాన్సు రోజున బాగా చెప్పేది. బరువుల రోజున దానికి నేను ఏం చేస్తున్నానో అర్థమయ్యేది కాదు. ఇంట్లో చపాతీ పిండి పిసుకుతుంటే మాత్రం, వ్యాయామం మొదలుపెట్టినట్టున్నారు, నమోదు చెయ్యమంటారా అని అడిగేది. కెటిల్‌బెల్ తగిలి అద్దం గీసుకుపోతుందేమోనని ఒకరోజు దాన్ని తీసి బ్యాగులో పెట్టాను. కాసేపటికే ఫోను మోగింది. మా ఆయన.

"వాచీ తీసేశావేంటి?"

గీసుకుపోతుందని చెప్పాను. సరే, అవగానే పెట్టుకో అన్నారు. ఫోను పెట్టేశాక గానీ నాకు తట్టలేదు, తీసిన సంగతి ఆయనకెలా తెలిసిందని. ఇంటికొచ్చాక అడిగితే, బ్యాటరీ ఉందో లేదోనని చూశానన్నారు. నేను నమ్మాను.

తర్వాత అలాంటివి ఒక్కొక్కటీ వచ్చాయి. జిమ్ము నుంచి వస్తూ టైలరు దగ్గర ఆగితే, అన్నం తింటూ, జాకెట్లు ఇచ్చిందా ఆవిడ అని అడిగేవారు. మధ్యాహ్నం కునుకు తీస్తే, బాగా నిద్రపట్టిందే ఇవాళ అనేవారు. బస్టాండు దగ్గర పాత స్నేహితురాలు కనబడి మాటల్లో పడితే, అంత ఎండలో అక్కడ నిలబడ్డావేంటి అనేవారు. ఊరు చిన్నది, ఎవరో చూసి చెప్పి ఉంటారనుకున్నాను. అదీగాక, అంతకు ముందు నేనెక్కడ నిలబడ్డా ఆయన అడిగిన పాపాన పోలేదు. వయసు మీద పడ్డాక నా మీద శ్రద్ధ పెరిగిందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం బీరువా సర్దుతుంటే అడుగు అరలో మా అమ్మ చీర కనబడింది. ఆవిడ పోయాక తెచ్చుకుని, కట్టుకోలేక అక్కడ పెట్టేశాను. మడత విప్పితే లోపల ఇంకా ఆవిడ వాడే పౌడరు వాసన ఉంది. తలుపు వేసుకుని నేలమీద కూర్చుని ఏడ్చాను. పెద్దగానే ఏడ్చాను. ఇంట్లో ఎవరూ లేరు కదా. తర్వాత లేచి మొహం కడుక్కుని, చీర మళ్ళీ మడతపెట్టి, పాలు కాచాను.

సాయంత్రం మా ఆయన తోట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అడిగారు.

"మూడింటప్పుడు ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదే."

"మరి గుండె అంతలా ఎందుకు కొట్టుకుంది? ఇంట్లోనే ఉన్నావుగా."

అమ్మ చీర చూసి ఏడ్చానని చెబితే అయిపోయేది. పెరట్లో పాము కనబడింది, భయపడ్డాను అన్నాను. ఆయన వెంటనే కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, అరటిచెట్ల మొదళ్ళన్నీ వెతికారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఏడుపు నాది. దానికి నేనెందుకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందో అప్పుడు ఆలోచించాను.

మర్నాడు మా అమ్మాయికి ఫోను చేశాను. అది చాలా తేలిగ్గా చెప్పింది. వాచీ నాన్న పేరు మీదే ఉందమ్మా, నీ హార్ట్ రేటు, నిద్ర, నువ్వెక్కడున్నావో అన్నీ ఆయన ఫోన్లో కనబడతాయి, నాన్న అడిగితే నేనే పెట్టించాను అంది. నాకెందుకు చెప్పలేదే అంటే, "నీకు తెలుసనుకున్నానమ్మా. నీ కోసమేగా" అంది. దాన్ని తిట్టడానికి ఏముంది.

ఆయన్ని అడిగాను. దాచలేదు. ఎందుకు దాచాలి అన్నట్టే మాట్లాడారు. బీపీ మనిషివి, ఒక్కదానివే బండి మీద తిరుగుతావు, ఎక్కడైనా పడిపోతే నాకు తెలియొద్దా అన్నారు. పడిపోవడం సరే, టైలరు దగ్గర ఆగడం కూడా తెలియాలా అన్నాను. అన్నీ కలిపే వస్తాయి, వేరుచేసి ఇవ్వరు అన్నారు. పోనీ నా ఫోనుకి మార్చండి అంటే, ఇప్పుడు తీరిక లేదు, కోతలు అయ్యాక చూద్దాం అన్నారు. నేను రెట్టించలేదు. ప్రాణానికి మంచిదని చెప్పేవాళ్ళతో వాదన ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియలేదు.

కోతలు వచ్చాయి. బంగినపల్లి దింపుతున్నారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం భోజనం నేనే తోటకి తీసుకెళతాను. గేటు దగ్గర స్కూటీ ఆపి, క్యారియర్లు రెండు చేతులా పట్టుకుని చెట్ల మధ్య నుంచి నడుస్తున్నాను. మగవాళ్ళు గెడలకి కట్టిన చిక్కాలతో కాయ కోస్తున్నారు, ఆడకూలీలు సొన కారిపోయేలా కాయలు బోర్లించి ట్రేల్లో సర్దుతున్నారు. షెడ్డు కింద మంచాల మీద మా ఆయన, ఎదురింటి అన్నయ్యగారు, కాయ కొనడానికి వచ్చిన ఇద్దరు వ్యాపారులు, ఇంకా ఇద్దరు ముగ్గురు రైతులు కూర్చున్నారు. అందరూ మా ఆయన చేతిలోని ఫోన్లోకి ఒంగి చూస్తున్నారు. నేను వెనక వైపు నుంచి వస్తున్నాను కాబట్టి నన్ను ఎవరూ చూడలేదు.

"ఇదిగో, గేటు దాటింది. ఎండలో నడుస్తోంది కదా, చూడండి, వంద దాటింది" అంటున్నారు మా ఆయన.

ఒక వ్యాపారి, కేకెయ్యకుండానే అన్నం వస్తుందో లేదో తెలిసిపోద్దన్న మాట అన్నాడు. నవ్వారు. రాత్రిళ్ళు కూడా చూపిస్తుందా అని ఇంకెవరో అన్నారు. దానికి ఇంకా ఎక్కువ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. అన్నయ్యగారు, మా ఆవిడకి కూడా ఒకటి తేవాలి, ఏ షాపు అని అడుగుతున్నారు.

నేను నిలబడిపోయాను. వాళ్ళు చూస్తున్న తెర మీద, నేను నిలబడిన చోటే నా గుండె ఇంకా వేగంగా కొట్టుకోవడం కనబడుతూ ఉంటుంది. ఆ సంగతి తోచగానే ఒంటి మీద బట్ట లేనట్టనిపించింది. దాన్ని ఆపుకోవాలన్నా నా చేతిలో లేదు.

ఎవరో తల తిప్పి చూశారు. అందరూ సర్దుకుని, రండమ్మా అంటూ చోటిచ్చారు. మర్యాదస్తులే అందరూ. నేను క్యారియర్లు కింద పెట్టాను. వాచీ విప్పి, ఆయన ముందున్న కాయల ట్రే మీద పెట్టాను.

"ఇది మీరే పెట్టుకోండి" అన్నాను.

అంతే అన్నాను. గొంతు కూడా పెంచలేదు. ఆయన నలుగురి ముందు తేలిగ్గా నవ్వేసి, ఎండకి తల తిరిగినట్టుంది అన్నారు. నేను వెనక్కి నడిచి బండి దగ్గరికి వచ్చాను. కాయలు సర్దుతున్న ఆడవాళ్ళు పని ఆపి నా వంక చూసి, మళ్ళీ తలలు దించుకున్నారు.

సాయంత్రం ఆయన ఇంట్లోకి వచ్చి చెప్పులు విడవకముందే మొదలుపెట్టారు.

"నలుగురిలో నా పరువు తీశావు."

"నా గుండె నలుగురికీ చూపించింది మీరు."

"ఏం చూపించాను? అంకెలేగా."

"అంకెలే అయితే మీవి చూపించండి."

ఆయన వాచీ టీవీ పక్కన పెట్టి స్నానానికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఆ విషయం నేరుగా రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా, తోటలో మేస్త్రీకి అవసరమని నా స్కూటీ తీసుకెళ్ళారు. జిమ్ముకు వెళ్ళొద్దని మాత్రం అనలేదు. నేను షేరు ఆటోలో వెళ్ళాను. బండి అడగలేదు, ఆయన ఇవ్వలేదు.

కోతలు ముగిసేలోపే వదిన చేతికి అదే వాచీ వచ్చింది. ఆవిడతో పాటు ఇంకో ఇద్దరు రైతుల భార్యలకి కూడా. జిమ్ములో చేతులు పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నారు. వదిన మొహంలో నేను ఒకప్పుడు కాఫీ ఇస్తూ మురిసిన మురిపెమే కనబడింది. పక్కకి పిలిచి అంతా చెప్పాను. ఎక్కడ ఆగినా తెలుస్తుంది, ఏడిస్తే తెలుస్తుంది, మనల్ని చూపించి నవ్వుకుంటారు అన్నాను. ఆవిడ శాంతంగా విని, "చూస్తే చూడనీ వదినా. నాకు దాచుకునేదేముంది?" అంది.

'నాకు' అన్న మాట ఆవిడ కాస్త ఒత్తి పలికింది. నాకు వినబడింది.

ఆ మాట అక్కడితో ఆగలేదు. నేను వాచీ మొగుడి మొహాన విసిరికొట్టానని ఊళ్ళో అనుకుంటున్నారట. ఏదో లేకపోతే ఎందుకు విసురుతుంది అంటున్నారట. జిమ్ములో బట్టలు మార్చుకునే మూల నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. నేర్పే అమ్మాయి ఒక్కతే మామూలుగా ఉంది, ఆ అమ్మాయికి ఎవరి కబుర్లూ పట్టవు. ఒక పెళ్ళిలో మా దూరపు బంధువు ఒకావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆడది అనుమానానికి తావివ్వకూడదమ్మా అని మంచి చెప్పింది. పెళ్ళిపీటల మీద అక్షింతలు పడుతుంటే నేను ఆ మాటలు విన్నాను.

అప్పుడు మా ఆయన మళ్ళీ నోరు విప్పారు. ఆ పుకార్లు ఆయన చెవినా పడ్డాయి. నా భార్య అలాంటిది కాదని ఆయన ఎవరితోనైనా అన్నారేమో నాకు తెలియదు. నాతో మాత్రం వాచీ తెచ్చి బల్ల మీద పెట్టి, "నలుగురి నోళ్ళు మూయించడానికైనా పెట్టుకో" అన్నారు.

"మీ నోరు మూసుకుని ఉంటే వాళ్ళవి తెరుచుకునేవి కావు" అన్నాను. అంత మాట ఆయన్ని ఎప్పుడూ అనలేదు. ఆయన నా వంక చూసి, లేచి వెళ్ళిపోయారు. అరుస్తారనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

వర్షాలు పడ్డాక మళ్ళీ విజయవాడలో డాక్టరుకి చూపించుకునే పని పడింది. ఈసారి బస్సులో ఒక్కదాన్నే వెళ్ళాను. చూపించుకుని, ఇలాంటివి అమ్మే షాపుకి వెళ్ళాను. కౌంటరు దగ్గర అబ్బాయి వరసగా చూపించాడు. అన్నీ ఫోన్లోకి వచ్చేస్తాయి మేడమ్, ఇంట్లోవాళ్ళు కూడా ఎక్కడినుంచైనా చూడొచ్చు అని ప్రతిదానికీ అదే గొప్పగా చెప్పాడు. నాకు బరువులెత్తేటప్పుడు సరిగ్గా చెప్పేది కావాలి, ఇంకెవరికీ కనబడనిది కావాలి అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. "అలాంటిది ఎవరూ అడగరు మేడమ్" అన్నాడు. ఆ చూపు నాకు అప్పటికి అలవాటైపోయింది.

చివరికి మొదట నేను కోరుకున్నదే దొరికింది. ఛాతీకి బెల్టు, దాని లెక్క చూపించే చిన్న బ్యాండు. ఫోను లేకపోయినా పనిచేస్తుంది. మా అమ్మాయి సాయం కూడా అడగలేదు. జిమ్ములో నేర్పే అమ్మాయి దాన్ని ఎలా తడిపి కట్టుకోవాలో, ఎంత బిగించాలో చూపించింది. మొదట్లో ఒరుసుకునేది, తర్వాత అలవాటైంది. ఇప్పుడు కడ్డీ ఎత్తితే నా గుండె ఎంత కొట్టుకుంటోందో నాకు తెలుసు. ఎప్పుడు ఆగాలో, ఎంతసేపు కూర్చోవాలో తెలుసు. భుజం నొప్పి పోయింది. నా జడ నేనే వేసుకుంటున్నాను. కానీ ఇవి సంతోషంగా చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేడు. మా ఆయన నాతో తోటకి మందు కొట్టే రోజుల గురించి, కరెంటు గురించి, కూలీల గురించి మాట్లాడతారు. జిమ్ము అన్న మాట మా ఇంట్లో ఎవరూ పలకరు.

ఆ చలికాలంలో వదిన జిమ్ముకు రావడం మానేసింది. ఏం జరిగిందో నా కళ్ళతోనే చూశాను. డాన్సు రోజు. పాట జోరు మీదుంది, అందరం చెమటలు కక్కుతూ గెంతుతున్నాం. వదిన ఫోను ఒకటే మోగుతోంది, పాటలో ఆవిడకి వినబడలేదు. కాసేపటికి మెట్ల దగ్గర మగగొంతు వినబడింది. అన్నయ్యగారు. ఆడవాళ్ళ సమయమని లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి ఆవిడ్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. గుండె అంత వేగంగా కొట్టుకుంటుంటే ఎత్తడం లేదేంటి, చచ్చిపోయావనుకున్నాను అంటున్నారు. మనిషి నిజంగానే వణుకుతున్నారు. వదిన చున్నీ కప్పుకుని, ఎవరి మొహం చూడకుండా ఆయన వెంట దిగిపోయింది. నేర్పే అమ్మాయి, డాన్సు చేస్తే అంత కొట్టుకోవడం మామూలేనండీ అని చెప్పబోయింది. ఆయన వినలేదు.

డాక్టరు ఏమీ లేదని చెప్పారట. అయినా ఎందుకొచ్చిన గొడవ, ఇంటి దగ్గరే నడువు అన్నారట అన్నయ్యగారు. వారం ఆగి నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ డాబా మీద నడుస్తోంది. ఆ మూల నుంచి ఈ మూలకి, మళ్ళీ ఆ మూలకి. నన్ను చూసి ఆగింది గానీ కూర్చోమనలేదు. నేనే పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాను. రోయింగ్ మిషను మీద మీ చోటు ఖాళీగా ఉంది వదినా, వచ్చెయ్యకూడదూ అన్నాను. ఆవిడ చేతి వాచీ సర్దుకుంది.

"మీ ఆయన తోటలో చూపించబట్టే కదా వదినా, ఈయన కొన్నది" అంది చివరికి.

నేను ముందే చెప్పానని గుర్తుచెయ్యొచ్చు. ఆ రోజు ఆవిడన్న మాట తిరిగి ఆవిడకే అప్పజెప్పొచ్చు. ఆవిడ కళ్ళు చూశాక ఆ రెండూ మానుకున్నాను. ఊళ్ళో ఆవిడకి ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీల్లేదు, నా మీద తప్ప. అదన్నా ఉండనిద్దామనుకున్నాను. ఇంతలో ఆవిడ, ఎక్కువసేపు ఆగితే ఫోను చేస్తారు అని చెప్పి మళ్ళీ నడక మొదలుపెట్టింది.

నేను మెట్లు దిగి మా గేటు తీశాను. మా ఆయన వసారాలో కూర్చుని ఉన్నారు, నేను వాళ్ళ డాబా మీద నిలబడటం చూసినట్టున్నారు. "ఆవిడ చూడు, బుద్ధిగా పెట్టుకుని నడుచుకుంటోంది" అన్నారు. చాలా నెలల తర్వాత ఆ సంగతి మీద ఆయన నాతో అన్న మాట అది. నేను లోపలికి వెళ్ళి, మర్నాడు వేసుకోవాల్సిన బట్టలు, తువ్వాలు, నీళ్ళ సీసా బ్యాగులో పెట్టుకున్నాను. మర్నాడు బరువుల రోజు.